ఒకే మట్టి వాళ్ళం

నాకు కుస్తీ నేర్పిన ఉస్తాద్ పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను ఇంకా పాలు కూడా కాచుకోలేదు. బెంగళూరులో నా గదిలో మెడకు వేడినీళ్ళ సంచి ఆనించుకుని కూర్చుని ఉన్నాను. "అన్నా, అబ్బా పోయినాడు. సాయంత్రం అసర్ నమాజు అయినాక మట్టి చేస్తాండాము. వచ్చేదుంటే ఇప్పుడే బయలుదేరు" అని పెట్టేసింది. లేచి చొక్కా తొడుక్కుని తలుపుకు తాళం వేశాక, ఎవరికన్నా చెప్పి పోదామని అటూ ఇటూ చూశాను. చెప్పడానికి ఎవరున్నారు నా మొహం? పెళ్ళి చేసుకోవలసిన వయసంతా రబ్బరు చాపల మీదా, ఇనుప కంచె కట్టిన బరిలోనూ దెబ్బలు తినడానికే సరిపోయింది. ఆ పోటీని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ చెల్లే పోటీ. అది మానుకున్నాక ఆఫీసుల్లో పనిచేసే పిల్లలకు జియుజిట్సు నేర్పుతూ ఇంకొన్నేళ్ళు గడిపాను. మెడ ఎముకలు అరిగాయి, ఇక చాలని డాక్టరు అన్నాక ఆ పిల్లలంతా ఇంకో కోచ్ దగ్గరికి పోయారు. పోక ఏం చేస్తారు, వాళ్ళ తప్పు కాదు. కింది వాటాలో ఉండే ముసలామెకు ఊరికి పోతున్నానని చెప్పాను. ఆమెకు తెలుగు రాదు. తల ఊపింది.

బస్సు కదిరి దాటి పులివెందుల బస్టాండులో ఆగినప్పుడు నా చెయ్యి దానంతట అదే కిటికీ తెరను లాగింది. ఆ ఊళ్ళో నన్ను గుర్తుపట్టే మనిషి ఇప్పుడు ఉండడని తెలుసు. అయినా లాగింది. పులివెందుల వైపు నేను కనపడకూడదు, జమ్మలమడుగు వైపు నా కుస్తీ జోడు ఓబులేసు కనపడకూడదు, ఇద్దరం కలిసి ఎక్కడా ఎవరి కంటా పడకూడదు. మీసాలు సరిగ్గా రాని వయసులో మాకు పడిన కట్టు అది. ఇద్దరికీ మీసాలు నెరిసినా సడలలేదు. ఉన్న మాట చెప్పాలంటే, ఆ రోజు నేను బస్సెక్కింది ఉస్తాద్‌ను కడసారి చూడటానికి ఒక్కదానికే కాదు. మట్టికి ఓబులేసు వస్తాడా, వస్తే నా పక్కకు వచ్చి నిలబడతాడా, ఒక్క మాటన్నా మాట్లాడతాడా? నలభై ఏళ్ళు కావస్తోంది మేము మాట్లాడుకుని. అది తేల్చుకుందామని పోయాను. ఇంకెవరి చావుకూ మేమిద్దరం కలిసే అవకాశం లేదు.

ఉస్తాద్ పేరు మస్తాన్. పనికి దర్జీ. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ బజారు వెనక సందులో ఆయన ఇల్లు. ముందు గదిలో కుట్టు మిషను, ఇంటి వెనక తాలింఖానా. ఇప్పటి పిల్లలకు తాలింఖానా అంటే తెలియదు, జిమ్ము అంటే తెలుస్తుంది. అందులో అద్దాలూ లేవు, పాటలూ లేవు. రేకుల కొట్టం, దాని నడుమ కుస్తీ పట్టే గోదా, గోదా నిండా ఎర్రమన్ను. ఆ మన్నులో మజ్జిగ పోసి, నువ్వుల నూనె, పసుపు కలిపి, వేపాకు నలిపి వేసి పారలతో మేమే తిరగేసేవాళ్ళం. ఉస్తాద్ పొద్దున్నే వచ్చి పిడికెడు మన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "దీనికి ఇంగొంచెం మజ్జిగ కావల్ల" అనేవాడు, లేదా ఏమీ అనకుండా మన్ను వదిలేసి చెయ్యి లుంగీకి తుడుచుకునేవాడు. ఏమీ అనలేదంటే బాగుందని అర్థం. మనుషుల విషయంలోనూ అంతే. నా జీవితంలో ఆయన నన్ను శాబాష్ అన్న గుర్తు లేదు.

తాలింఖానాలో ప్రతివాడికీ ఒక జోడు ఉండాలి. నాకు జోడు ఓబులేసు. పులివెందుల దగ్గర పల్లె వాళ్ళది. నాది జమ్మలమడుగుకు ఈవల, పెన్న ఒడ్డున ఊరు. ఇద్దరం ప్రొద్దుటూరులో చదువుకోవడానికని వచ్చి, చదువు కంటే మన్నే ఎక్కువ అంటించుకున్నాం. ఇద్దరిదీ ఒకే పొడవు, ఒకే బరువు, అందుకే ఉస్తాద్ మాకు జోడు కట్టాడు. పొద్దున లేస్తే వాడి మెడ నా చేతుల్లో, నా మెడ వాడి చేతుల్లో. ఇట్లా కొన్నేళ్ళు గడిస్తే ఒక మనిషి గురించి తెలియనిది ఏముంటుంది? వాడికి నిద్ర చాలకపోతే ఊపిరి ఎట్లా వచ్చేదో నాకు తెలుసు. నాకు ఇంటి మీద బెంగ పుడితే ఎడమ కాలు బరువెక్కేదని వాడికి తెలుసు. "ఏందిరా గొర్రెలోడా, మీ యమ్మ గుర్తొచ్చిందా, కాలు లెయ్యలేదు ఈపొద్దు" అని చెవిలో ఎకసెక్కం చేసేవాడు. నేను వాడిని తిట్టేవాడిని.

కసరత్తు అయ్యాక భోజనం ఉస్తాద్ ఇంట్లోనే. ఆయన భార్య బీబమ్మ మా ఇద్దరినీ దున్నపోతులని పిలిచేది. పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర నిలబెట్టి, ఒంటి మీద మన్ను కణం మిగలకుండా కడుక్కుంటే గానీ వంటింటి గడప దాటనిచ్చేది కాదు. చెవుల వెనక చూసేది. జొన్నరొట్టెలు పెనం మీద నుంచి నేరుగా మా పళ్ళాల్లోకి వేసేది. ఎప్పుడన్నా మేకకాళ్ళ పాయా చేస్తే మిరియాల ఘాటు సందు చివరిదాకా వచ్చేది, మేము మిషను దగ్గర కూర్చుని గుండీలు కుట్టే పని కల్పించుకుని ఆ ఇంటిని వదిలేవాళ్ళం కాదు. ఉస్తాద్‌కు మేము జీతమని ఏమీ ఇవ్వలేదు. బక్రీదుకు మా నాయన ఒక పొట్టేలును తోలుకొచ్చి వాకిట్లో కట్టేసి పోయేవాడు. ఓబులేసుకు తండ్రి లేడు. వాడు ఇంటి నుంచి తేవడానికి ఏమీ లేక, ఉస్తాద్ కుట్టిన జాకెట్లన్నీ సైకిలు మీద పెట్టుకుని ఇంటింటికీ ఇచ్చి వచ్చేవాడు.

మా నాయన గొర్రెల మనిషి. ఆయన ఇంట్లోకి రాకముందే గొంగడి వాసన వచ్చేది. వాన తడిసిన గొంగడి, పాలు, పచ్చగడ్డి, ఎరువు అన్నీ కలిసిన ఆ వాసనను నేను బెంగళూరులో ఏళ్ళ తరబడి వెతుక్కున్నాను, దొరకలేదు. అమ్మ వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి పెట్టి ఇచ్చేది. ఆయన గడప మీద కూర్చునే తినేవాడు గానీ లోపలికి వచ్చి పీట వేసుకునేవాడు కాదు. కళ్ళు ఎప్పుడూ దొడ్డి మీదే ఉండేవి. కోతలు అయ్యాక ఆయన మందను తోలుకుని ఊరూరూ తిరిగేవాడు. కోసిన చేనులో గొర్రెలను పడుకోబెడితే పెంట పడి చేనుకు బలం వస్తుంది, దానికి రైతులు గింజలు కొలిచేవాళ్ళు. మంద కట్టడం అంటాం దాన్ని. జమ్మలమడుగు వైపు చేన్లలో కట్టి, అట్నే ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు పోయి అక్కడా కట్టి వచ్చేవాడు. మా ఇల్లు గడిచింది ఆ తిరుగుడు మీదే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో మా వైపు మనిషిని పేరు అడిగే ముందు "ఎవురి మడిసివి అప్పా" అని అడిగేవాళ్ళు. టీ అంగట్లో అడిగేవాళ్ళు, బస్సులో అడిగేవాళ్ళు, ఆస్పత్రిలో చీటీ రాయించుకునే చోట కూడా అడిగేవాళ్ళు. మా పార్టీ, వాళ్ళ పార్టీ అనేవాళ్ళు. పార్టీ అంటే మావాళ్ళకు జెండా కాదు. ఎన్నికలకు జెండాలు మారేవి. ఈ వైపు పెద్దాయన ఒక జెండా పట్టుకుంటే ఆ వైపు పెద్దాయన ఇంకోటి పట్టుకునేవాడు, ఐదేళ్ళకు అదీ తిరగబడేది. మనుషులు మాత్రం మారకూడదు. ఒకడి మనిషివని పేరు పడితే నీ ఇంటి తలుపు, నీ చేను, నీ బిడ్డ పెళ్ళి అన్నీ ఆ పేరు చుట్టే తిరిగేవి. మా నాయనకు ఇది బాగా తెలుసు. "మనం అందరి చేన్లలో తిరిగేవోళ్ళం నాయనా. మనకు పక్క అనేది ఉండగూడదు. పక్క ఉంటే మంద యాడ కడతాము?" అని నాకు ఊహ వచ్చినప్పటి నుంచీ చెప్పాడు. ఎవరన్నా అడిగితే "గొర్రెలోళ్ళం సామీ" అని చేతులు జోడించి దాటుకునేవాడు.

తాలింఖానాలోనూ ఒక కట్టు ఉండేది. ఒకే మట్టి వాళ్ళు బయట కుస్తీ పట్టకూడదు. ఒక ఉస్తాద్ దగ్గర మన్ను పూసుకున్నవాళ్ళు పండగల్లోనో జాతరల్లోనో ఒకరి మీద ఒకరు చెయ్యి వేయరు. "ఆడ మీలో ఎవుడు పడినా పడేది నేను" అనేవాడు ఉస్తాద్. అందుకని నేను జమ్మలమడుగు వైపు జాతరలకు పోయి పట్టేవాడిని, ఓబులేసు పులివెందుల వైపు పోయేవాడు. అక్కడే వచ్చింది చిక్కు. నేను రెండు మూడు చోట్ల గెలిచేసరికి జమ్మలమడుగు వైపు పెద్దాయన నన్ను చూసి "మన పిల్లోడు" అన్నాడట. ఓబులేసు సంగతి వేరే. వాడి తండ్రి పులివెందుల వైపు పెద్దాయన కోసం కొట్లాటకు పోయి తిరిగి రాలేదు. అప్పటి నుంచి వాడి తల్లిని ఆ ఇంటి వాళ్ళే సాకుతున్నారు. ఎన్నికలు దగ్గర పడ్డాయి. దసరాకు జమ్మలమడుగు బయట కుస్తీ పెట్టి మా ఇద్దరికీ జోడు కట్టాలని రెండు పార్టీల వాళ్ళూ మాట అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం ఉస్తాద్ ఇంటి ముందు జీపు ఆగింది. ఆయన మిషను తొక్కుతున్నాడు. మేము గడప పక్కన కూర్చుని గుండీలు కుడుతున్నాం. జీపులోంచి దిగినాయన చెప్పులు వదలకుండానే లోపలికి వచ్చి, విషయం చెప్పాడు.

"వాండ్లు ఒకే మన్ను అప్పా. బైట పట్టరు" అన్నాడు ఉస్తాద్.

"పట్టరంటే ఎట్ల మస్తానూ. రెండు పక్కలా మాటిచ్చుకున్న్యారు. ఎవుడో ఒకడు పడల్ల. నీ తాలింఖానా ఈ ఊళ్ళో ఉండల్లనా వద్దా అనేది నువ్వే ఆలోచన చేసుకో."

ఉస్తాద్ మిషను తొక్కడం ఆపలేదు. గుడ్డ అంచు దాటిపోయినా సూది ఉత్తగా దిగుతూ లేస్తూ ఉంది. జీపు పోయిన తర్వాత మా ఇద్దరినీ తాలింఖానాలోకి పిలిచాడు. "ఎవురు పడినా ఆ పొద్దు తలకాయలు లేస్తాయి. పడినోడి పక్కోళ్ళు ఊరుకోరు, గెలిచినోడి పక్కోళ్ళు ఊరుకోనియ్యరు. అందుకే ఇద్దరూ పడగూడదు. పొద్దు గూకేదాంక పట్టండి. పొద్దు గూకితే బరాబరు. నా పెద్దలప్పటి నుంచీ ఉండే కట్టు అది, దాన్ని కాదనేదానికి వాండ్లకు గూడా నోరు రాదు" అన్నాడు. చీకటి పడేదాకా ఎవరి వీపూ నేలకు తగలకపోతే ఇద్దరూ సమానమని అర్థం. కానీ అది దొంగ కుస్తీ అని ఎవరికీ తెలియకూడదు. బీబమ్మ వంటింట్లో నుంచి వింటూ ఉంది. ఆ పూట మా చెవుల వెనక చూడలేదు.

ఆ కుస్తీ గురించి తర్వాత చాలామంది చాలా చెప్పారు. రెండు కొండలు ఢీకొన్నట్టు ఉండిందని చెప్పినాయన ఆ రోజు అక్కడ లేనే లేడు. నాకు గుర్తున్నది ఎండ, జనం, ఇరుపక్కలా భుజాల మీద తుండుగుడ్డలు కప్పుకుని నిలబడిన మనుషులు. ఆ గుడ్డల కింద ఏముందో అందరికీ తెలుసు. మా నాయన రాలేదు. మేము తొడలు కొట్టుకుని, మన్ను జల్లుకుని, మెడలు పట్టుకున్నాం. కుస్తీలో మెడలు పెనవేసుకుంటే ఒకడి నోరు ఇంకొకడి చెవి దగ్గరికి వస్తుంది. బయటివాళ్ళకు ఇద్దరు మనుషులు ఎడతెగకుండా తోసుకుంటున్నట్టు కనిపిస్తుంది. మేము మాట్లాడుకుంటున్నాం.

"పొద్దున ఏం తిన్యావురా" అన్నాడు.

"సంగటి."

"అది చెప్పేదెందుకు, ఊరిబిండి వాసన కొడతానే ఉండాది. మీ నాయనకు జెరం తగ్గెనా?"

"తగ్గింది."

"సరే, నా కుడికాలు లాగు. శానా సేపాయ కదల్లేదు, జనం చూస్తాండారు."

నేను లాగాను. వాడు పడినట్టే పడి, చేతుల మీద తిరిగి లేచాడు. జనం హోరెత్తారు. మళ్ళీ మెడలు పట్టుకున్నాం. అట్లా ఎంతసేపో పట్టాం. నా భుజాలు మండిపోతున్నాయి, పొద్దు మాత్రం కదలదు. ఒకసారి వాడు నిజంగానే జారాడు. వాడి వీపు నేలకు జానెడు దూరంలో ఉండగా నడుం పట్టి పైకి లాగాను. బయటికి అది ఎత్తి పడేయబోయినట్టు కనిపించి ఉంటుంది. ఒకాయన చెయ్యి గుడ్డ కిందికి పోవడం నేను చూశాను.

ఎండ ఎర్రబడుతుండగా వాడు నా చెవిలో, "ఒరే, ఇది అయినాక నేను పెద్దాయన జీపెక్కల్ల. చెప్పి పంపినారు" అన్నాడు.

"ఎక్కొద్దు."

"ఎక్కకుంటే మాయమ్మ యాడికి పోతాదిరా? వాండ్లు పెట్టిన కూడే గదా ఇన్నాళ్ళూ తినింది." కాసేపు ఊపిరి తీసుకుని, "నిన్ను గూడా ఇంగ వదలరు. మనం మాట్లాడుకునేది ఇంగ ఈడనే. ఏమన్నా చెప్పేదుంటే చెప్పు" అన్నాడు.

చెప్పవలసినవి ఇప్పుడు ఎన్నో తోస్తాయి. అప్పుడు మాత్రం "నీ లంగోటా ముడి వదులయితాంది, చూసుకో" అన్నాను. వాడు నా మెడలో మొహం పెట్టి నవ్వాడు. ఆ నవ్వు ఒంటికి తెలిసింది, చెవికి వినపడలేదు. పొద్దు గూకింది. బరాబరు అని ఇద్దరి చేతులూ ఎత్తారు. ఆ వెంటనే ఆ వైపు వాళ్ళు వచ్చి వాడిని భుజాల మీద ఎత్తుకున్నారు, ఈ వైపు వాళ్ళు వచ్చి నన్ను ఎత్తుకున్నారు. నన్ను దించండని చెప్పాను, ఆ గోలలో ఎవరికి వినపడుతుంది. వాడిని జీపు దగ్గరికి మోసుకుపోతుంటే వాడి తల మాత్రం జనం పైన కనిపించింది. అట్లా అడగకుండానే నేను జమ్మలమడుగు మనిషినయ్యాను.

నెత్తురు చుక్క పడలేదు, ఉస్తాద్ గెలిచాడు. తాలింఖానా నిలబడింది. కానీ ఆ ఏడు మా నాయన మందను తోలుకుని పులివెందుల వైపు పోతే, చిన్నప్పటి నుంచి ఎరిగిన రైతులే "ఈ యేడు వద్దులే అప్పా, ఏమనుకోవద్దు" అన్నారు. కొట్టలేదు, తిట్టలేదు. ఒకాయన మజ్జిగ కూడా ఇచ్చి పంపాడట. ఆయన ఖాళీ గోతాలు భుజాన వేసుకుని తిరిగి వచ్చి గడప మీద కూర్చున్నాడు. అమ్మ సంగటి పెట్టింది. తిన్నాక, "నువ్వు కన్నడోళ్ళ దిక్కు పో నాయనా. ఆడ నిన్ను ఎవురూ ఎరగరు" అన్నాడు. నా మీద ఆయనకు కోపం ఉందా లేదా అని ఈ రోజుకీ నాకు తెలియదు. పోయే ముందు ఆయన గొంగడిలో మొహం పెట్టి పడుకున్నాను.

బెంగళూరులో నిజంగానే నన్ను ఎవరూ ఎరగరు. అది సుఖమని మొదటి నెలలో అనుకున్నాను. తాగుడు హోటళ్ళ తలుపుల దగ్గర కాపలా నిలబడ్డాను, జూడో నేర్చుకున్నాను, చివరికి జియుజిట్సు నేర్పే ఒకాయన దగ్గర చేరాను. అది నేల మీద పడి పట్టే కుస్తీ. వీపు నేలకు ఆనించి మొదలుపెట్టమన్నాడు ఆయన. వీపు తగిలితే ఓడినట్టని నేర్చిన ఒళ్ళు నాది, పడుకోమంటే పడుకుంటుందా? నెలలు పట్టింది. దానికంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. మెడ పట్టు పడినవాడు ఇక చాలనుకుంటే అవతలివాడి ఒంటి మీద చేత్తో తట్టాలి, తట్టగానే వదిలేయాలి. ఆ మాట ఆయన హిందీలో చెప్పాడు, నాకు సగమే తలకెక్కింది. మొదటిరోజే ఒక పంజాబీ పిల్లవాడి మెడ నా కాళ్ళ మధ్య బిగిస్తే, వాడు నా తొడ మీద చరిచాడు. తొడ కొట్టడమంటే మా కడప జిల్లావాడికి ఇంకో అర్థం ఉంటుందా? నా పట్టులో ఉండి నా తొడే కొడతాడా అని ఇంకా బిగించాను. వాడు మళ్ళీ కొట్టాడు, నేను మళ్ళీ బిగించాను. వాడు సొమ్మసిల్లాక గానీ నన్ను విడదీయలేకపోయారు. నీళ్ళు చల్లితే లేచి వాడే నవ్వాడు, మంచివాడు. సంగతి అర్థమయ్యాక నేను బస్టాపులో ఒక్కడినే నిలబడి పిచ్చివాడిలా నవ్వాను. ఇది చెబితే పొట్ట పట్టుకుని నవ్వే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాడికి చెప్పే దారి లేదు.

అందరూ మానుకునే వయసులో నేను ఇనుప కంచె బరిలోకి దిగాను. చిన్న చిన్న హాళ్ళు, సగం ఖాళీ కుర్చీలు, నా ఇంటిపేరును ప్రతిసారీ తప్పుగా చదివే ఒక అబ్బాయి. కొన్ని గెలిచాను, ఎక్కువ ఓడాను. గెలిస్తే ఎత్తుకోవడానికి ఎవరూ రారు కాబట్టి నా కాళ్ళ మీద నేనే బయటికి నడిచి వచ్చేవాడిని, అది మాత్రం బాగుండేది. ఇద్దరం కంచెకు ఆనుకుని మెడలు పట్టుకున్నప్పుడు ఎదుటివాడి చెవి నా నోటి దగ్గరికి వచ్చేది. ఒకసారి ఒక మణిపురి పిల్లవాడిని, నాకే తెలియకుండా, "ఏం తిన్యావురా పొద్దున" అని అడిగాను. వాడు బెదిరి వెనక్కి చూశాడు. శాపం పెడుతున్నానని అనుకున్నాడేమో. తర్వాత నేర్పే రోజుల్లో కూడా అంతే. ఆఫీసు పిల్లలు పట్టుకుంటారు, తట్టి విడిపించుకుంటారు, నవ్వుకుంటూ లేస్తారు, అందరూ కలిసి తినడానికి పోతారు. నేను చాపలు ఫినాయిలుతో తుడిచి దీపాలు ఆర్పేవాడిని. మజ్జిగ కలిపిన మన్ను వాసన ఎరిగిన ముక్కుకు ఆ ఫినాయిలు ఎప్పటికీ అలవాటు కాలేదు.

మధ్యలో బక్రీదుకో రంజానుకో ప్రొద్దుటూరు పోయేవాడిని. పోయిన ప్రతిసారీ బీబమ్మ పళ్ళెం పెడుతూ, "వాడు నిన్ననే వచ్చి పోయినాడు బేటా" అనేది. లేదంటే, "రేపు వస్తానన్యాడు, నువ్వుండేవని చెప్తాలే" అనేది. వాడికీ అట్లాగే చెప్పేదట. నేను ఉన్నానని తెలిస్తే వాడు రాడు, వాడున్నాడని తెలిస్తే నేను పోను. ఎవరు మొదట చూస్తారో, చూసి ఎక్కడ చెబుతారో, ఎవరి ఇంటి మీదికి ఏం వస్తుందో అనే భయం. ఓబులేసు జీపులో వెనక సీటు మనిషయ్యాడని, జైలుకు పోయి వచ్చాడని, వాడి తల్లి పోయిందని ఆమె నోటే తెలిసింది. తర్వాత ఆమే పోయింది. అప్పుడు కూడా నేను మట్టి అయ్యాక వెళ్ళాను, వాడు వచ్చి పోయాడని నిర్ధారించుకుని.

మట్టి రోజు నేను చేరేసరికి ఉస్తాద్‌ను తీసుకుపోతున్నారు. తాలింఖానా ఉన్నచోట ఇప్పుడు ఒక బంగారు అంగడి వాళ్ళు కార్లు నిలుపుకుంటున్నారు, కింద సిమెంటు. శ్మశానంలో జనం ఎక్కువ లేరు. నేను ఒక మూల నిలబడ్డాను. ఎదురు గోడ దగ్గర ఒక ముసలాయన తలకు గుడ్డ చుట్టుకుని నిలబడి ఉన్నాడు. నిలబడిన తీరు చూసి పోల్చుకున్నాను, బరువంతా కుడికాలి మీద వేసి. వాడూ నన్ను చూశాడు. ఇద్దరం వేర్వేరుగా పోయి మన్ను వేసి వచ్చి ఎవరి గోడ దగ్గర వాళ్ళం నిలబడ్డాం. అందరూ వెళ్ళిపోయారు. వాడు గేటు వైపు నడిచాడు. వెళ్ళిపోతున్నాడనే అనుకున్నాను. గేటు దగ్గర ఆగి, రోడ్డు అటూ ఇటూ చూసి, నా కోసం నిలబడ్డాడు.

దగ్గరికి పోయి పేరు పెట్టి పిలిచాను. "ఈ చెవు పోయిందిరా, బాంబు పడినప్పుడు. ఇట్లా ఈ పక్కకు రా. గట్టిగా చెప్పు" అన్నాడు. ఆ పక్కకు తిరిగాను. టీ తాగుదాం రమ్మన్నాను.

"యాడ?"

"బజార్లో."

"కనపడతాము గదరా" అన్నాడు. అయినా తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, "పోదాం పా" అన్నాడు.

బజారు కూడలిలో టీ అంగడి బయట బల్ల మీద రోడ్డుకు ఎదురుగా కూర్చున్నాం. మా తల మీద పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. జమ్మలమడుగు వైపు పెద్దాయన మనవడు, పులివెందుల వైపు పెద్దాయన మనవడు ఒకే ఫ్లెక్సీలో చేతులు జోడించి నవ్వుతున్నారు. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే జెండా. "వియ్యం గూడా అందుకున్న్యారు. పెండ్లిలో కార్లు నిలబెట్టే పని నాకే చెప్పినారు" అన్నాడు ఓబులేసు. వాడు పులివెందుల మనవడి కాలేజీకి వాచ్‌మన్. గేటు తీస్తాడు, గేటు వేస్తాడు. ఇన్నేళ్ళు నా దగ్గరికి ఎందుకు రాలేదురా అని అడిగాను. వినపడలేదు. గొంతు పెంచాను. మళ్ళీ వినపడలేదు. అప్పుడు లేచి నిలబడి, నడిబజారులో, నా గొంతు ఎంత లేస్తే అంతా లేపి, "ఇన్నేండ్లు ఎందుకు రాల్యేదురా ఓబులేసూ?" అని అరిచాను.

"నువ్వు జమ్మలమడుగు మడిసివి గదరా" అని వాడూ అంతే గట్టిగా అరిచాడు. "నా పక్కన చూస్తే నిన్ను బతకనిచ్చేవోళ్ళా?"

స్కూటర్లు పోతున్నాయి. నగల సంచులు చంకలో పెట్టుకుని ఆడవాళ్ళు పోతున్నారు. టీ అంగడాయన పాలు తిరగపోస్తూ తల ఎత్తలేదు. పక్క బల్ల మీద కుర్రవాళ్ళు ఫోన్లలోంచి మొహాలు తీయలేదు. జమ్మలమడుగు మనిషీ పులివెందుల మనిషీ ఒకచోట కనపడితే ఒకప్పుడు తలుపులు మూసుకున్న ఊరు ఇది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. దీని కోసమా మేము ముసలివాళ్ళం అయ్యేదాకా దాక్కున్నాం? ఓబులేసు రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి, "ఒక్కడన్నా సూడ్ల్యేదురా" అన్నాడు.

వాడి బస్సుకు ఇంకా టైముంది. ఎవరన్నా గుర్తుపడతారేమో చూద్దామని ఇంకో రెండు టీలు చెప్పి, అట్లాగే కూర్చున్నాం.